ఈతొచ్చిన పిల్ల

మార్పిడి గదిలో నూకరత్నం కళ్ళు తెరిచి మొట్టమొదట మంచినీళ్ళు అడిగింది. స్పానిష్‌లో అడిగింది.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న ఆమె తల్లి బండెమ్మకు ఆ మాట అర్థం కాలేదు. పెదాలు ఎండిపోయి ఉండడం చూసి గ్లాసు అందించింది. పిల్ల నీళ్ళు తాగి, గ్లాసు తిరిగి ఇస్తూ, కొత్తవాళ్ళను చూసి మర్యాదకు నవ్వినట్టు నవ్వింది. ఇరవై ఏళ్ళు పెంచిన కూతురు తన వంక అలా చూడడం బండెమ్మకు అదే మొదలు. 

"ఈ అమ్మాయి పేరు ఇనేస్," అన్నాను నేను. "మీకు ముందే చెప్పాను కదా బండెమ్మ గారూ. ఈపాటికి మీ రత్నం అక్కడ, ఇనేస్ ఒంట్లో లేచి కూర్చుని ఉంటుంది."

"సెప్పేరు మేడమ్మా," అంది బండెమ్మ. "ఇనడం వేరు, సూడడం వేరు."

నా పేరు హైమావతి. విశాఖపట్నంలో తూర్పు తీర విశ్వవిద్యాలయంలో విదేశీ ఒప్పందాల విభాగాన్ని పదకొండేళ్ళు నడిపాను. ఈ సంగతి గురించి పత్రికల్లో చాలా రాశారు. జరిగింది జరిగినట్టు తెలిసినవాళ్ళం మాత్రం నలుగురైదుగురమే. అందులో తప్పు నాది కాబట్టి నేనే చెప్పడం న్యాయం.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు లిస్బన్‌లో ఏడాది చదువుకు సీటు వచ్చింది. పెట్టె సర్దుకుని కూర్చున్నాక విమానాల చట్టం వచ్చింది. గాలి పాడైపోయిందని, ఇక మీదట మనిషికి పదేళ్ళకు ఒక్క దూర ప్రయాణం, అదీ ఒకవైపే అన్నారు. వెళ్తే పదేళ్ళ దాకా తిరిగి రాలేం. మా అమ్మ ఒక్కతీ ఉంది. నేను వెళ్ళలేదు. ఆ తర్వాత ప్రపంచంలోని విశ్వవిద్యాలయాలన్నీ ఎవరి గుమ్మంలో వాళ్ళు కూర్చుండిపోయాయి.

డీన్‌ అయిన ఏడాదే చిలీ దేశపు దక్షిణ కొసన ఉన్న జలసంధి విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాశాను. వాళ్ళది చల్లటి సముద్రం, మాది వెచ్చటి సముద్రం. రెండు చోట్లా చేపలు తగ్గిపోతున్నాయి. వాళ్ళు ఒక రకంగా, మేము ఇంకో రకంగా కారణాలు వెతుకుతున్నాం. కలిసి వెతకడానికి మాత్రం దారి లేదు. వాళ్ళ మార్కులు ఏడుకి, మావి వందకి. మాకు ఎండలు ముదిరేసరికి వాళ్ళకు చలి మొదలవుతుంది. సెమిస్టర్లు కలపడానికే రెండేళ్ళు పట్టింది. ఇంతా చేస్తే అవి తెర మీద పాఠాలు. చేప మొప్పలు చేత్తో విప్పి చూడందే ఆ చదువు రాదు.

అప్పుడు మా నాడీశాస్త్ర ప్రయోగశాల నుంచి డాక్టర్ సదాశివ్ వచ్చి, వల అల్లినట్టున్న ఒక టోపీని నా బల్ల మీద పెట్టాడు.

"మనుషులు వెళ్ళకపోయినా పరవాలేదు మేడమ్," అన్నాడు. "మనసులు వెళ్తే చాలు కదా."

రెండు దేశాల్లో ఇద్దరు విద్యార్థులు ఒకే సమయాన నిద్రపోతారు. టోపీ ఒకరి మెదడులోని అల్లికను చదివి, రెండోవాళ్ళ మెదడులో అల్లుతుంది. పదకొండు గంటల పని. మధ్యలో ఎక్కడా నిలవ ఉంచదు. మనిషికి నకలు తీసి దాచడం రెండు దేశాల్లోనూ నేరం. నూట యాభై రోజుల్లోగా ఎవరి ఒంట్లోకి వాళ్ళు తిరిగి వచ్చేయాలి. ఆ తర్వాత అల్లిక కొత్త చోట వేళ్ళు దించేస్తుంది. సదాశివ్ ఇంకొక మాట కూడా చెప్పాడు. టోపీ చిన్నమెదడు జోలికి పోదు. నడక, చేతివాటం, సంతకం ఒంటివే. మనిషితో పాటు ప్రయాణం చెయ్యవు.

ఆ మాట రాసుకున్నాను. నా నోటు పుస్తకంలో ఇప్పటికీ ఉంది.

నూకరత్నం సముద్రజీవశాస్త్రం మూడో ఏడు. జాలరిపేట పిల్ల. తండ్రి సూరాడ పోలరాజు పడవ ఇంజన్లు బాగుచేస్తాడు, తల్లి బండెమ్మ రేవులో చేపలమ్ముతుంది. నాలుగో ఏట నుంచి కెరటాల్లో పెరిగిన పిల్ల. అర్హత పత్రంలో ఇరవై మూడు ప్రశ్నలు పెట్టాను. పద్నాలుగోది: ఈత వచ్చునా? పడవల మీద పని కాబట్టి అది తప్పనిసరి. రత్నం 'వచ్చును' అని రాసి కింద రెండు గీతలు గీసింది. అక్కడ ఇనేస్ 'రాదు' అని రాసింది. మా దగ్గర ఇనేస్ పని ప్రయోగశాలలోనే కాబట్టి సరేనన్నాం.

ఒప్పందంలో పదిహేడో నిబంధన ఒక్కటి ఎనిమిది నెలలు తెగలేదు. జంటలో ఒకరు పోతే ఏమిటి? వాళ్ళ లాయర్లు ఒకటన్నారు, మావాళ్ళు ఒకటన్నారు. సంతకాల తేదీ దగ్గర పడింది. నేను ఒక మధ్యాహ్నం కూర్చుని రాశాను: 'అట్టి పక్షమున ఉభయ విశ్వవిద్యాలయములు పరస్పర గౌరవముతో నిర్ణయించును.' ఎవరికీ ఏమీ చెప్పని వాక్యానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

జనవరి తొమ్మిదిన తొమ్మిది జంటల మార్పిడి జరిగింది.

ఇనేస్‌ను హాస్టల్లో ఉంచాలని మా ఏర్పాటు. మూడో రోజు బండెమ్మ చేపల బుట్టతోనే నా ఆఫీసుకు వచ్చింది.

"నా కూతురి ఒంటికి ఆస్టల్ కూడెట్టి పాడుసేస్తారేటి? సంరక్షకురాలినని నా సేత ఏలిముద్దరేయించుకున్నారు గదా. నా ఇంట్లో ఉంచుకుంటాను."

ఇనేస్‌ను అడిగాను. ఆమె చెవి దగ్గరి అనువాద యంత్రం సర్దుకుని, బండెమ్మ చేతుల వంక చూసి, సరేనంది.

నెలకు రెండుసార్లు ఆ ఇంటికి వెళ్ళి చూసి రావడం నా విధి. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక కొత్త సంగతి. మొదటి రోజు నెత్తళ్ళ చేపల పులుసు చూసి ఇనేస్ భయపడిందట. ఒక ముద్ద తిన్నాక నాలుక ఇంకా కారం అడిగిందట. "తినేది ఈ పిల్లైనా రుసి మా గుంటదేనమ్మా," అని బండెమ్మ మురిసిపోయింది. అమ్మా అని మాత్రం పిలవనివ్వలేదు. "ఆ పిలుపుకి మీ అమ్మ ఉన్నాది. నన్ను పిన్నీ అను," అని మొదటి రోజే చెప్పింది. ఆదివారం పూట తలకు నూనె పెట్టి జడ వేసేది. ఆ పిల్లకు తెలుగు వస్తున్నకొద్దీ జాలరిపేట తెలుగే వచ్చింది.

పోలరాజుకు మాత్రం ఆ పిల్ల ఎదురుపడితే తల పక్కకు తిరిగిపోయేది. కోపం కాదు. కూతురి కళ్ళలోంచి ఇంకెవరో చూస్తుంటే ఆయన ఓర్చుకోలేకపోయాడు. షెడ్డులోనే కంచం పెట్టించుకునేవాడు.

ప్రతి ఆదివారం సాయంత్రం ఆరున్నరకు తెర మీద రత్నం వచ్చేది. గోధుమరంగు జుట్టు, పొడుగాటి మెడ, ముక్కు మీద మచ్చలు. ఆ నోట మా విశాఖ మాట.

"అమ్మా, ఈ పిల్ల ఎంత పొడుగే! గుమ్మాలన్నీ తలకి తగుల్తన్నాయి. ఇక్కడ సముద్రానికి సప్పుడే నేదు. ఊరికే నల్లగా పడుకునుంటాది. నానా ఉన్నాడా?"

పోలరాజు తెర వైపు వీపు పెట్టి కూర్చుని, కళ్ళు మూసుకుని వినేవాడు. గొంతు పరాయిది. మాట కూతురిది. మాటను మాత్రమే పట్టుకునేవాడు.

"ఉన్నానమ్మా. సలిగా ఉన్నాదేటి?"

"ఈ ఒంటికి సలెయ్యదు నానా. నాకే ఏస్తున్నట్టుంటాది."

ఫిబ్రవరి నెలాఖరున ఒక ఉదయం బండెమ్మ ఇనేస్‌ను రేవుకు తీసుకెళ్ళింది. పిల్ల మోకాలు లోతు నీళ్ళలో నిలబడి ఉండగా పెద్ద కెరటం వచ్చి ఈడ్చుకుపోయింది. ఒడ్డున ఆడవాళ్ళు కేకలు పెట్టారు. మరుక్షణం ఆ చేతులు వాటంతట అవే బార వేశాయి, కాళ్ళు తన్నాయి. ఇనేస్ కెరటం మీద తేలి వచ్చి ఇసకలో కూలబడి, ఏడుస్తూ, నవ్వుతూ, "నాకు ఈత రాదు పిన్నీ! నాకు ఈత రాదు!" అని అరిచింది.

"నీకు రాదు గానీ దానికొచ్చును కదే," అంది బండెమ్మ.

ఆ సంగతి విని నేను సంబరపడ్డాను. ఆ వారమే రెండు విశ్వవిద్యాలయాలకూ పంపే నివేదికలో ప్రత్యేకంగా రాశాను: 'అతిథి విద్యార్థికి రాని ఈత, ఆతిథ్య శరీరానికి వచ్చినందున నిరాటంకంగా సాధ్యమైనది. మార్పిడి విధానపు విజయాలలో ఇదొకటి.' సదాశివ్ మెచ్చుకున్నాడు. అవతలివాళ్ళు అభినందనలు పంపారు. ఆ వాక్యాన్ని తిరగేసి చదవాలని ఇటు మాకు గానీ అటు వాళ్ళకు గానీ తోచలేదు.

ఏప్రిల్ పదిహేను ఉదయం తొమ్మిదింటికి ఆఫీసు తలుపు తీసేసరికి వర్తమానం వచ్చి ఉంది. నీళ్ళ నమూనాలు తేవడానికి జలసంధిలోకి వెళ్ళిన చిన్న పడవ ఈదురుగాలికి తిరగబడింది. పడవ నడిపేవాడు బోల్తాపడిన పడవనే పట్టుకుని బతికాడు. విద్యార్థిని మునిగిపోయింది. శవం దొరికింది.

కారులో జాలరిపేటకు వెళ్తూ ఏం చెప్పాలో దారి పొడుగునా అనుకున్నాను. వెళ్ళేసరికి వాకిట్లో బండెమ్మ చేపలు తోముతోంది. పక్కన పీట మీద ఇనేస్ ఉల్లిపాయలు తరుగుతోంది. పోలరాజు షెడ్డులో ఉన్నాడు. పిలిపించాను. చెప్పాను.

బండెమ్మ ఇనేస్ వైపు తిరిగి, ఆమె భుజాలు, మెడ, మొహం తడిమి చూసింది. తడి చేతుల చేప పొలుసులు ఆ చెంపలకు అంటుకున్నాయి.

"ఇదిగో, ఇక్కడే ఉన్నాది కదా మేడమ్మా. ఏటంటన్నారు మీరు? ఒళ్ళు ఎచ్చగానే ఉన్నాది."

ఇనేస్ తన అరచేతుల వంక చూసుకుంది. తర్వాత నన్ను అడిగింది. అనువాద యంత్రం లేకుండా, బండెమ్మ నేర్పిన మాటలతోనే అడిగింది.

"మేడమ్మా, నాను సచ్చిపోనానా?"

జవాబు పోలరాజు చెప్పాడు. "నువ్వు కాదమ్మా," అన్నాడు. "నువ్వు కాదు."

నాలుగో రోజున ఇనేస్ తల్లి మార్తా తెర మీదికి వచ్చింది. అప్పటికి కూతురి శరీరాన్ని పాతిపెట్టి వచ్చింది. తెర మీద నల్లటి జడ, నల్లటి కళ్ళ పిల్ల 'మమా' అనేసరికి ఆమె కుర్చీతో సహా వెనక్కి జరిగింది. తర్వాత వాళ్ళిద్దరికే తెలిసిన సంగతేదో అడిగింది. పిల్ల చెప్పింది. ఇంకొకటి అడిగింది. చెప్పింది. మార్తా రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ చేతుల వెనక నుంచే అంది: "ఇంటికి రా."

ఇద్దరు తల్లుల మధ్య మాటలు నేనే అటూ ఇటూ చెప్పాను.

"నేనే స్నానం చేయించాను. ఉన్ని బట్టలు కట్టాను," అంది మార్తా. "లోపల ఉన్నది మీ అమ్మాయి అని గుర్తు చేసుకుంటూ చేయించాను. ఆమెకు తోడు లేకుండా పంపలేదు."

బండెమ్మ తల ఊపింది. "మా గుంటకి ఈతొచ్చును కదా," అంది. "ఎలగ ములిగిపోనాదో అడగండి. ఆ పడవోడు ఏటి సూసేడో అడగండి."

మార్తా చెప్పింది నేను తెలుగులో చెప్పాలి. పడవ పట్టుకుని ఇద్దరూ వేలాడుతున్నారట. ఒడ్డు యాభై గజాలు కూడా లేదట. అమ్మాయి పడవవాడితో, 'నువ్వు పట్టుకునే ఉండు, నాకు ఈత వచ్చు, ఒడ్డుకెళ్ళి మనుషుల్ని తెస్తాను' అని చేతులు వదిలేసిందట. వదలగానే చేతులు పనిచేయలేదట. వాటికేసి వింతగా చూసుకుందట. 'నానా, నానా' అని రెండుసార్లు అరిచిందట. అక్కడి మాటల్లో నానా అంటే పిల్లల్ని సాకే ఆయా. ఇంత పెద్ద పిల్ల ఆయాను పిలుస్తుందేమిటని పడవవాడు అనుకున్నాడట.

గుమ్మంలో నిలబడి వింటున్న పోలరాజు షెడ్డులోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి అక్కడ ఇంజను మోత మొదలైంది. దాన్ని చాలాసేపు ఆపలేదు.

ఈతొచ్చిన మనసు ఈత రాని ఒంట్లో ఉంది. మా నివేదికలోని విజయానికి అది రెండో వైపు. సదాశివ్ ముందు ఆ కాగితం పెట్టి అడిగాను. అతను చదివి తల దించుకున్నాడు.

"తెలుసు మేడమ్. తెలిసే ఉండాలి. పత్రంలో ఈత వచ్చునన్నది రత్నం. మనం రత్నాన్ని పంపలేదు కదా, రత్నం మనసును పంపాం. ఆ ప్రశ్న ఇనేస్‌ను అడగాల్సింది."

"ఇనేస్‌ను అడిగాం. రాదంది. ఆ కాగితం నా దగ్గరే ఉంది."

బండెమ్మ కూడా సదాశివ్ దగ్గరికి వచ్చింది. ఇనేస్‌ను వెంటబెట్టుకుని ప్రయోగశాలకు వచ్చి, ఆ పిల్ల తల చూపించింది.

"బాబూ, ఇందులో మా గుంట ఏ మూలైనా మిగిలుంటాదేటి? బాగా సూడు."

"లేదమ్మా. అలవాట్లే ఉన్నాయి. రత్నం లేదు."

"పొద్దున లేసి సెవి గోక్కుంటాది. అన్నం తింటా ఎడం కాలు ఊపుతాది. అలవాట్లే కదా బాబూ మనిషంటే?"

ఆ నెలలోనే సదాశివ్ మిగిలిన ఎనిమిది జంటలనూ గడువుకు ముందే వెనక్కి రప్పించాడు. అందరూ క్షేమంగా వచ్చారు. ఆ తర్వాత టోపీని తీగ తీగా విప్పేశాడు.

రెండు విశ్వవిద్యాలయాల సమావేశం తెర మీద మూడుసార్లు జరిగింది. పరస్పర గౌరవానికి లోటు లేదు. అక్కడి ప్రభుత్వం ఇనేస్ బార్రియా చనిపోయినట్టు పత్రం ఇచ్చేసింది. ఇక్కడ నూకరత్నం వేలిముద్ర వేస్తే బతికే ఉన్నట్టు కంప్యూటరు చెప్తోంది. చివరికి ఇనేస్ నూకరత్నం పేరుతోనే, నూకరత్నానికి ఉన్న ఒక్క ప్రయాణపు హక్కుతో తల్లి దగ్గరికి వెళ్ళవచ్చన్నారు. దానికి ఒంటి సంరక్షకురాలి వేలిముద్ర కావాలి. పదేళ్ళ దాకా ఆ ఒళ్ళు తిరిగి రాదు.

రిజిస్ట్రారు కాగితం నాకిచ్చాడు. "పై పేరాలో 'ప్రకృతి వైపరీత్యం వలన' అని ఉంది. అదీ కలిపే వేలిముద్ర వేయించండి. ఇంకా నలభై విశ్వవిద్యాలయాలు మనతో ఒప్పందానికి వరసలో ఉన్నాయి, తెలుసు కదా," అన్నాడు.

మే మొదటి వారంలో ఆ కాగితం పట్టుకుని జాలరిపేట వెళ్ళాను. బండెమ్మ మూడు వారాలుగా రేవుకు వెళ్ళలేదు. ఇంటి ముందు జనం గుసగుసలు. పోలరాజు కూతురికి దినం చేద్దామంటే కులపెద్ద ఒప్పుకోలేదు. కళ్ళెదట తిరిగే మనిషికి కర్మ ఎలా చేస్తామన్నాడు. కూతురు చచ్చిపోయిందని ఏడవడానికి కూడా ఆ ఇంటికి వీలు లేకుండా పోయింది.

"సదవండి మేడమ్మా," అంది బండెమ్మ. "నాకు సదువు రాదు కదా."

చదివాను. 'ప్రకృతి వైపరీత్యం' దగ్గరికి వచ్చాక కాగితం కింద పెట్టేశాను.

"ఇది అబద్ధం బండెమ్మ గారూ," అన్నాను. "గాలి పడవను తిరగేసింది, అంతే. మీ అమ్మాయిని ముంచింది గాలి కాదు. మనిషి మారినా ఈత ఒంటితోనే ఉండిపోతుందని నాకు తెలుసు. ఈ పిల్ల ఇక్కడ కెరటంలో ఈదిందని మీరు చెప్పినప్పుడే అక్కడ రత్నం ఈదలేదని నాకు తట్టాలి. ఏడు వారాల ముందు. ఒక్క ఫోను చేసి, నీళ్ళ మీదికి వెళ్ళొద్దమ్మా అని చెప్పి ఉంటే చాలు. నేను దాన్ని గొప్పగా నివేదికలో రాసుకున్నాను."

బండెమ్మ తిడుతుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను.

"మీకు తట్టనేదా?"

"తట్టలేదు."

"నాకూ తట్టనేదు," అంది. "ఈ పిల్ల నా కళ్ళెదటే ఒడ్డుకి ఈదుకొచ్చినాది. దానికొచ్చును కదే అని నవ్వేను. ఆ ఆదివారం దాంతోటి ఫోన్లో మాటాడినాను. సెప్పనేదు." కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇనేస్ లేచి వచ్చి ఆమె వెనక కూర్చుని వీపు నిమిరింది. బండెమ్మ ఆ చేతిని తోసేసింది. కాసేపటికి తనే వెతికి పట్టుకుంది.

"ఆ కాయితం మీద నాను ముద్దరెయ్యను," అంది తర్వాత. "మీకు రాత వచ్చు కదా. ఇప్పుడు సెప్పినారే, ఆ మాటలు కాయితం మీద రాసియ్యండి. మా గుంట సచ్చిపోనాదని రాయండి. ఎలగ సచ్చిపోనాదో రాయండి. దానికి దినం సేసుకుంటాం. అప్పుడు ఈ పిల్లని అంపుతాను."

విశ్వవిద్యాలయపు కాగితం మీద, నా సంతకంతో, ముద్రతో రాసిచ్చాను: సూరాడ నూకరత్నం, పోలరాజు కుమార్తె, ఏప్రిల్ పద్నాలుగున మరణించింది. ఏ శరీరంలో ఉన్నా మరణించింది ఆమే. ఈత వచ్చిన పిల్లను ఈత రాని శరీరంలో నీళ్ళ మీదికి పంపినందువల్ల మరణించింది. ఆ సంగతి తెలిసి ఉండవలసినది నేను. నకళ్ళు రిజిస్ట్రారుకు, జలసంధి విశ్వవిద్యాలయానికి, పత్రికలకు పంపాను. అదే నెలలో ఉద్యోగం పోయింది, ఒప్పందం రద్దయింది. నలభై విశ్వవిద్యాలయాలూ ఒకదాని తర్వాత ఒకటి ఉత్తరాలు రాసి తప్పుకున్నాయి.

మరణాలు నమోదు చేసే చోట నా కాగితం చెల్లలేదు. వేలిముద్ర బతికి ఉంది కదమ్మా అన్నారు. కులపెద్ద మాత్రం కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "కాయితం ఉన్నాది కదా. సేసుకోండి," అన్నాడు.

సముద్రపు ఒడ్డున పొద్దున్నే గడ్డితో మనిషి బొమ్మ చేశారు. ఒంటి గుర్తు ఏదైనా కావాలన్నారు. ఇనేస్ తనంతట తనే వచ్చి బండెమ్మ ముందు వెనక్కి తిరిగి కూర్చుంది. బండెమ్మ నూనె రాసి, చిక్కు తీసి, పాయలు తీసి చివరిదాకా జడ అల్లింది. ఎంతసేపు అల్లిందో చెప్పలేను. తర్వాత చేపలు కోసే కత్తితో మెడ దగ్గర కోసేసింది. ఆ జడ బొమ్మ గుండెల మీద పెట్టారు. చుట్టపు ఆడవాళ్ళు ఏడుస్తూ వచ్చేవాళ్ళు ఇనేస్‌ను చూసి ఏడుపు ఆపేసేవాళ్ళు. అందుకని ఆ పిల్ల లేచి, దూరంగా పడవల వెనక్కి వెళ్ళి కూర్చుంది. పోలరాజు నిప్పు పెట్టాడు.

మరునాడు బండెమ్మ కాగితం మీద వేలిముద్ర వేసింది. ప్రకృతి వైపరీత్యం మాట కొట్టేసిన కాగితం మీద.

జూన్ నాలుగున విమానం. అప్పటికి నాకు ఆఫీసు కారు లేదు. ముగ్గురం ఆటోలో వెళ్ళాం. బండెమ్మ రాలేదు. వాకిట్లో ఇనేస్ తలను గుండెలకు అదుముకుని, కత్తిరించిన జుట్టు ముద్దు పెట్టుకుని, "మీ అమ్మకి సెప్పు, బాగా సూసుకోమని సెప్పు," అని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఎండ నిప్పులు చెరుగుతోంది. పోలరాజు ఒళ్ళో ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి పెట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు.

విమానాశ్రయం గుమ్మం దగ్గర ఇనేస్ ఆయన ముందు నిలబడి దణ్ణం పెట్టింది. అయిదు నెలల్లో పోలరాజు ఆ మొహంలోకి చూసింది అప్పుడే. నుదురు, కళ్ళు, ముక్కు, గడ్డం, ఒక్కొక్కటీ విడివిడిగా చూశాడు. లోపలికి వెళ్ళమని కాపలావాడు రెండుసార్లు అన్నా కదలలేదు.

చివరికి సంచి విప్పి దళసరి రగ్గు ఒకటి తీశాడు. పడవ మీద వానల్లో కప్పుకునే నల్ల రగ్గు. ఉతికినా డీజిలు వాసన పోలేదు.

"రెండ్రోజులు బజారంతా తిరిగినానమ్మా. ఈ ఎండల్లో స్వెట్టరు ఎక్కడా దొరకనేదు," అన్నాడు. రగ్గును ఆమె భుజాల మీద కప్పి, రెండు కొసలూ మెడ దగ్గరికి లాగి ముడి వేశాడు. "అక్కడిప్పుడు సలి మొదలైపోయుంటాది. నీకు అలవాటే గానీ, ఈ ఒంటికి సలి తెల్దు. ఎప్పుడూ సూడనేదు. జాగర్తమ్మా."